మూడో టేకు అడుగున గీతలు

1994 ఏప్రిల్. గల్ఫ్‌లో మేముండే ఊరు, ఘుబ్రా అనే పేటలో అద్దెకు తీసుకున్న హాలు. ఒక కెమెరా, ఒక స్టాండు, రెండు లైట్లు, నాలుగు పరుపులు, ఆ వారమే కొన్న కొత్త మానిటర్. నలుగురు అమ్మాయిలు, వాళ్ళలో లావణ్య అనే అమ్మాయి నాన్నగారు, నేను.

అప్పుడు నేను అదే ఊళ్ళో అల్ మవాలే అనే పేటలో ఒక వీడియో దుకాణంలో టెక్నీషియన్ని. డిప్లొమా చేసి వచ్చి ఏడాదైంది.

లావణ్యకు పద్దెనిమిదేళ్ళు. అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, అక్కణ్ణుంచి యూనివర్సిటీలో ఫిజియోథెరపీకి మారాలని ఆమె ఆలోచన. ఆ కాలేజీ చీర్‌లీడింగ్ జట్టులో చోటు దొరికితే ఫీజు ఉండదు, లేకపోతే చదువే లేదు. చీర్‌లీడింగ్ అంటే పోటీల్లో చేసే విన్యాసం. ముగ్గురు కలిసి ఒకరిని పైకి విసిరి పట్టుకుంటారు. పైకి ఎగిరేది లావణ్య. కాలేజీవాళ్ళు రెండు నిమిషాల టేపు అడిగారు. మధ్యలో కోత ఉండకూడదు. నాలుగింటికి కొరియర్.

"మోసేది మేము, అమెరికా పోయేది ఇది," అంది కింద పట్టుకునే మీనా.

"చాక్లెట్లు పంపిస్తాలేవే. ముందు సరిగ్గా పట్టుకో."

మొదటి రెండు టేకుల్లో అడుగులు తప్పాయి. మూడోది ఒక్క పొరపాటు లేకుండా వచ్చింది. లావణ్య నాన్నగారు చప్పట్లు కొట్టారు. నేను టేపు వెనక్కి తిప్పి మానిటర్లో చూశాను. బొమ్మ అడుగున సన్నగా చెదిరిన గీతలు.

"టేపులో లోపముంది సార్. ఇంకోసారి చేయిస్తే మంచిది."

"బాగానే ఉంది కదయ్యా?"

"అక్కడివాళ్ళు పట్టి పట్టి చూస్తారు సార్."

"మీనా చేతులు వణుకుతున్నాయన్నా," అంది లావణ్య. "తప్పదా?"

"ఒక్కసారేనమ్మా."

టేపు మార్చాను. నాలుగో టేకులోనూ గీతలు పోలేదు. కెమెరాలో టేపును తాకే హెడ్ తుడిచి మళ్ళీ చేయమన్నాను. ఐదో టేకులో లావణ్య మీనా చేతుల్లోంచి జారి, పరుపు అవతల నేల మీద ఎడమ మోకాలు మడతపడేలా పడింది. ఆ చప్పుడు టేపులో ఉంది.

కారెక్కిస్తుంటే, "మూడోది పంపించెయ్యన్నా. ఆగస్టుకల్లా తగ్గిపోతుంది," అంది. అదే పంపాం.

తగ్గలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక గెంతవద్దన్నారు. జూన్లో ఆమె ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. నాన్నగారు దాన్ని దుకాణానికి తెచ్చి నా ముందు పెట్టారు.

"ఆ గీతలు వీళ్ళకి కనపళ్ళేదా బాబూ?" అని అడిగారు. కోపంగా కాదు.

ఆయన వెళ్ళాక మానిటర్ మాన్యువల్ తీశాను. దానికి అండర్‌స్కాన్ అనే స్విచ్ ఉంది, ఆ రోజు అది వేసే ఉంది. మామూలు టీవీ చట్రం వెనక దాగిపోయే అంచుల్ని కూడా అది చూపిస్తుంది. ఆ గీతలు ప్రతి వీహెచ్ఎస్ టేపులోనూ ఉంటాయి. అది లోపం కాదు. చూసేవాళ్ళకు అవి కనిపించనే కనిపించవు.

ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చారు. అప్పటినుంచి ఏ బొమ్మనైనా ముందు ఇంట్లో వాడే టీవీలో చూసి, ఆ తరువాతే మళ్ళీ చేయమని అడుగుతాను.

మూడో టేకు నకలు నా దగ్గరుంది. అడుగున చెదిరిన గీతలు ఆరు.