సత్తవ్వ చేయి, పాత మీటరు

సత్తవ్వ చేయి మంచిదని నమ్మడానికి ఆ ఊరికి ఇరవై ఏళ్లు పట్టింది. చెడ్డదని తేల్చేయడానికి ఒక్క రోజు చాలింది. ఆ రోజుకు కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. ఎక్కడైనా మర్యాద తగ్గినట్టు అనిపిస్తే అనిపించనీండి.

నందిపేట్ దాటాక గోదావరి వైపున్న ఊరు ఆమెది. వయసు యాభై ఐదు దాటింది. ఉన్నది ఎకరన్నర పల్లపు పొలం. వరి నాట్లు వేసే పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. ఆ ఊళ్లో ఎవరి మడిలోనైనా సరే, మొదటి పిడికెడు నారు సత్తవ్వ నాటాల్సిందే. ఆమె చేయి పడితే పైరు నిలుస్తుందని వాళ్ల నమ్మకం. నారు ముదిరిపోయి ఉంటే మాత్రం ఆసామి ఎంతటివాడైనా ఆమె ఊరుకోదు, కట్టను గట్టు మీదికి విసిరేసి "గిది మడిల ఏసేదా, బర్రెకేసేదా?" అని అడుగుతుంది. తిట్లు తిని మరీ పిలిచేవాళ్లు. ఆమె బతుకూ, ఆ పద్నాలుగు మంది బతుకూ ఆ పిలుపుల మీదే నడుస్తాయి.

ఇక నా సంగతి. నా పేరు ఉదయలక్ష్మి. మాది బోధన్ పక్క క్యాంపు. మా ముత్తాత కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ చెరకు వేశాడు. నేను నిజామాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో డ్రైవర్లు రాస్తాను. కంప్యూటర్ లోలోపల కెర్నెల్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. దానికీ, బయట తగిలించిన యంత్రానికీ మధ్య మాట నడిపే ముక్కనే డ్రైవర్ అంటారు. అక్కడ తప్పు జరిగితే పైన ఎవరికీ కనపడదు. తెర మీద అంకె మాత్రం దర్జాగా వెలుగుతుంది.

ఈ యాసంగిలో మా కంపెనీ పెట్టెలు వడ్ల కొనుగోలు కేంద్రాలకు వెళ్లాయి. తేమ మీటరును పెట్టెకు తగిలిస్తే, ఎంత తేమ ఉందో నేరుగా తెర మీదికి వస్తుంది. పదిహేడు శాతం దాటితే వడ్లు తీసుకోరు. ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. మీటరులో గింజలు పోసేది కేంద్రం వాళ్లు కాదు, రైతే తన కుప్పలోంచి తన చేత్తో పిడికెడు తీసి పోయాలి. రేపు ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపకుండా పెద్దమనుషులు పెట్టిన పద్ధతి అది. ఆ పద్ధతే ఆమె మెడకు చుట్టుకుంది.

మొదటి రోజు సత్తవ్వ వడ్లు నిజంగానే పచ్చివి. పల్లపు పొలం కదా. పొద్దున పోసింది, కుదరదన్నారు. ఆరబోసి మధ్యాహ్నం వచ్చింది, మళ్లీ కుదరదన్నారు. సాయంత్రమూ అంతే. దానికి ఆమె ఏమీ అనలేదు. కానీ మూడుసార్లూ ఆమె వెనక నిలబడ్డ మనిషి వడ్లు కూడా తప్పాయి. కొరికితే టక్కున విరిగేంత ఎండిన వడ్లు అవి. మూడో మనిషి ఆశన్న, పది ఎకరాల ఆసామి. ఈమె చేయి పెట్టినాక మీటరులో ఏదీ నిలవడం లేదని అందరి ముందూ అనేశాడు. అంతే, ఊరంతా అదే పాట.

ఆ మర్నాటి నుంచి ఆమెను వరుస చివరికి నెట్టారు. వరుస రోజూ పెరిగేదే తప్ప తరిగేది కాదు, కాబట్టి ఆమె వంతు రానేలేదు. నాలుగో రోజుకే ఆమె వడ్లు కూడా ఎండాయి. పన్ను కింద పెట్టి కొరికి చూపించింది, బతిమాలింది, తిట్టింది. ఒక్కడు మీటరు దగ్గరికి రానివ్వలేదు. పదో రోజు వాన కొట్టింది. టార్పాలిన్ కింద కుప్ప అడుగున నీళ్లు చేరాయి. ఈలోగా వానాకాలం నాట్లకు ముందే చెప్పి ఉంచిన ఇద్దరు ఆసాములు ఈసారి వద్దులే అని కబురు పంపారు. గుంపులో ఆడవాళ్లు కూడా ఇంకో పెద్దను చూసుకుందామా అని గుసగుసలు మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు ఆమె వెనక వంగిన ఆడవాళ్లే. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కేంద్రం నడిపే మహిళా సంఘం అమ్మాయి సవిత మా కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ మా వాళ్లు మీటరు బాగుంది, రైతులది అపోహ అని రాసి ఫిర్యాదు మూసేశారు. మా మేనేజర్ విజయ్‌కుమార్ అయితే, ఫలానా ఊళ్లో మీటరుకు దిష్టి తగిలిందంట అని ఆఫీసు గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్విన మొహాన్ని ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి ఆ చేయి తగిలిన పెట్టె మాకొద్దు, విసిరేస్తామని ఊరివాళ్లు అంటే నన్ను పంపారు. మాక్లూర్ మీదుగా బస్సులో వెళ్లి, నందిపేట్‌లో ఆటో ఎక్కి చేరేసరికి పదకొండయింది. కల్లం చివర ఒక ఆడమనిషి తడిసిన వడ్లను పారతో తిరగేస్తోంది. సవిత చూపించింది, ఆమే సత్తవ్వ అని. నేను కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే పార కింద పడేసింది.

"నా వడ్లు పచ్చియైతే నావి కొనకుండ్రి బిడ్డ, నేనొద్దన్ననా? నా ఎనుక నిలవడ్డోని వడ్లకు నా పచ్చి ఎట్ల అంటుతది? గా డబ్బ ముందటోని గింజ కడుపుల వెట్టుకొనే ఎనకటోనిది తింటున్నది. గీ ముచ్చట సవితతోని మూడు పారి జెప్పిచ్చిన. మీకు చెవులు లెవ్వా?"

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే, అలా జరగడానికి ఒక్క దారి ఉందని నాకు తెలుసు.

మీటరు తిప్పి చూశాను. పాత రకం. కొత్త రకం మీటరు ఒక నమూనా అయిపోగానే దాని లెక్క తనే చెరిపేసుకుంటుంది. పాతదానికి చెరుపు అని డ్రైవరే చెప్పాలి. చెప్పకపోతే ముందు పోసినదాన్నీ ఇప్పుడు పోసినదాన్నీ కలిపి సగటు చూపిస్తుంది, మానిక బోర్లించకుండానే మళ్లీ కొలిచినట్టు. పాత మీటర్లన్నీ ఎప్పుడో తీసేశారని విజయ్‌కుమార్ నాకు చెప్పాడు. నేను నమ్మాను. అయినా జాగ్రత్తకని, నువ్వు ఎన్నో రకం అని మీటరును అడిగి, జవాబు రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కొత్తదని రాశాను. అంత జాగ్రత్త తీసుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నా మొహం జాగ్రత్త. పాత మీటరుకు ఆ ప్రశ్నే తెలియదు. దానిలో జవాబు ఉండాల్సిన చోటు ఖాళీ. ఖాళీ చోటును చదివితే రెండువందల యాభై ఐదు అని వస్తుంది. అది జవాబు కాదు, అక్కడ ఎవరూ లేరని అర్థం. నా డ్రైవర్ మాత్రం రెండువందల యాభై ఐదు రెండుకన్నా ఎక్కువే కదా అని, ఆ ముసలి మీటరును అన్నిటికన్నా కొత్తదిగా లెక్కేసుకుంది. చెరుపు అని ఒక్కసారీ చెప్పలేదు.

సవితను పిలిచి పరీక్ష పెట్టాను. సత్తవ్వ కుప్ప అడుగునుంచి తడి గింజలు పోయించి, వెంటనే సవిత ఇంటి ఎండు వడ్లు పోయించాను. పందొమ్మిది. నా లాప్‌టాప్ నుంచి నేనే చెరుపు అని పంపి, అవే ఎండు వడ్లు మళ్లీ పోయించాను. పదిహేను. సవిత రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. సత్తవ్వ మాత్రం తెర వైపు చూడనేలేదు, నన్నే చూస్తోంది.

విజయ్‌కుమార్‌కు ఫోన్ చేశాను. గట్టిగానే మాట్లాడాను. ఆయన కంగారేమీ పడలేదు. సరిచేసి అప్‌డేట్ పంపించు, అన్ని కేంద్రాలకూ చప్పుడు లేకుండా వెళ్లిపోతుంది, అక్కడ మాత్రం ఒక్క మాట జారకు అన్నాడు. మనుషుల గొడవలు మన పని కాదట. ఫోన్ పెట్టేశాను.

అక్కడే సవిత బల్ల మీద కూర్చుని డ్రైవర్ తిరగరాశాను. మీటరు రెండు అంటేనే కొత్తది. ఇంకే అంకె చెప్పినా తెలియనిదే, తెలియనిదాన్ని కొత్తదనుకుని ముందుకు పోకూడదు. సున్నా అనో రెండువందల యాభై ఐదు అనో వస్తే, పాత మీటర్ల పలకరింపు పద్ధతిలో ఇంకోసారి అడిగి, అది పాతదేనని తేలితేనే పని మొదలుపెట్టాలి. ప్రతి నమూనాకు ముందు చెరుపు అని చెప్పాలి. చెరిపానని అది తిరిగి చెప్పేదాకా ఆగాలి. చెప్పకపోతే తెర మీద అంకె రాకూడదు, తెలియలేదు అనే మాటే రావాలి. ఇందులో గొప్ప తెలివేమీ లేదు. మొదటి రోజే రాయాల్సింది. మొదటి రోజు నాకు తొందర.

సాయంత్రానికి మీటరు నిజం చెప్పడం మొదలుపెట్టింది. సత్తవ్వ వడ్లకు ఇరవై మూడు చూపించింది. వాన తడిసి, అడుగున మొలకలు కూడా వచ్చాయి కదా. బాగుచేసిన మీటరు ఆమెనే మొదట కాదంది, ఈసారి న్యాయంగా. తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తప్పు నాదేనని ఆమెతో చెప్పాను. రకాలూ అంకెలూ చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది.

"నీ డబ్బ బాగైంది, మంచిదే. నా చెయ్యి ఎవలు బాగుజేస్తరు? నా ఒక్కదాని చెవుల జెప్తె ఏమొస్తది? పంచాయితీ మైకుల జెప్పు."

చెప్తే ఉద్యోగం ఉంటుందో లేదో నాకు తెలియదు. కానీ ఆమె ముందు నిలబడి ఆ లెక్క వేసుకోవడానికి సిగ్గేసింది. పంచాయితీ ఆఫీసుకు వెళ్లి మైకు పట్టుకున్నాను. నా పేరు చెప్పాను. మీటరు పాతదని తెలుసుకోకుండా డ్రైవర్ రాసింది నేనేననీ, ముందువాళ్ల తేమను వెనకవాళ్ల మీద వేసింది నా రాతేననీ, సత్తవ్వ చేతికీ మీ వడ్లకూ ఏ సంబంధమూ లేదనీ చెప్పాను. పదకొండు రోజులు ఆమెను వెనక్కి నెట్టింది మాత్రం మీరేనని కూడా అనేశాను. 

కల్లానికి తిరిగొచ్చేసరికి ఆశన్న అక్కడున్నాడు. చెడ్డవాడేమీ కాదు, మొహంలో బాధ కనపడుతూనే ఉంది. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, అయ్యిందేదో అయ్యింది సత్తవ్వా, మిరుగం కార్తె పోయినాక మా మడిలో తొలి నారు నువ్వే పెట్టాలె అన్నాడు. మరో నలుగురు కూడా మా మడిల కూడా అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొంపదీసి కథ సుఖాంతమేమో అనుకున్నాను.

సత్తవ్వ పార ఆపింది. మాట మెల్లగానే వచ్చింది.

"నా చెయ్యి ఖరాబైందని నీ నోటితోని నువ్వే అంటివి ఆశన్నా. మంచిగనే ఉన్నదని గీ పిల్ల నోటితోని ఇనంగనే ఉరికొస్తివి. ఇరువై ఏండ్లు నీ మడిల వంగిన, గది నీకు యాదికి రాలే. డబ్బ జెప్తెనే నమ్ముతవు గదా, గా డబ్బనే మడిలకు దింపి నాటేయించుకో."

ఆశన్న తలపాగా మళ్లీ చుట్టుకుని కల్లం దాటాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే అటు తిరిగి వెళ్లిపోయారు. నేను చెప్పులు విడిచి ఆమె కుప్ప దగ్గర కూర్చున్నాను. మొలకలొచ్చిన గింజలను వేరుచేసి పక్కకు వేయడం మొదలుపెట్టాను. రెండు పిడికిళ్లు కూడా తీయలేదు.

"నువ్వు గూడ లేసి పో బిడ్డ" అంది సత్తవ్వ.