దండెం మీద సీడీలు

2014 అక్టోబరు, తుపాను వెలిసిన రోజు. నెల్లిమర్లలోని మా ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య సరోజ, కోడలు మాధవి.

వాననీరు ఇంట్లోకి వచ్చి మాధవి అట్టపెట్టెను ముంచేసింది. అందులో ఉన్నవి యానిమే అనే జపాను బొమ్మల సినిమాల సంగీతం సీడీలు. చదువుకునే రోజుల నుంచి ఒక్కొక్కటే తెప్పించుకుని దాచుకుంది. అంత శ్రద్ధ గల పిల్ల మా ఇంటికి వచ్చిందని నాకు లోలోపల గర్వం. బురద పట్టిన సీడీలను చూసి, "పోయాయి మామయ్యా" అని కూలబడింది.

నేను వాటిని మంచినీటితో కడిగి, దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఎదురింటి కారు డ్రైవరు సూరిబాబు, "ఏటి మాస్టారూ, పాటలు ఉతికి ఆరేత్తన్నారా?" అని నవ్వాడు.

"ఆ మోత పోతే పోనాది. ముందు బియ్యం ఆరబెట్టండి" అని సరోజ విసుక్కుంది.

కరెంటు లేదు. అవి పలుకుతాయో లేదో తెలియక మాధవి ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఉదయం సూరిబాబు కారు మా గుమ్మం ముందుకు తెచ్చి, "ఓటి ఇలాగియ్యమ్మా, సూద్దుం" అన్నాడు. కారులోని ప్లేయరులో సీడీ పెట్టగానే కాసేపు గరగరలాడింది. తరువాత వేణువు, వయొలిన్లు వీధంతా వినిపించాయి. ఇరుగుపొరుగు వచ్చి చేరారు. మాధవి కళ్లు తుడుచుకుంటూ ఉండగానే సరోజ ముందుకు వచ్చి, "ఇయన్నీ మా కోడలు పోగేసినాది. ఇంకా సానా ఉన్నాయి, కూకోండి" అంది.

ఆ మాట నేను అనాలనుకున్నాను. నాకంటే ముందు ఆవిడే అనేసింది.