గోడకు అవతలి డొంక

మా పాత వీధిలో కొట్లాట రెండో దెబ్బదాకా పోయేది కాదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఎవరి గొంతు లేచినా అరుగుల మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు లేచి వచ్చి మధ్యలో నిలబడేవారు. మురుగునీళ్ల గొడవలో నేను పక్కింటాయన పీక పట్టుకున్న రోజు, మూల కొట్టులో బట్టలు కుట్టే సాయిబుగారు మిషను దిగి వచ్చి మా ఇద్దరి మధ్య దూరాడు. "ముందు నన్ను కొట్టి పోరా," అన్నాడు. నా చెయ్యి లేవలేదు.

ఆ ఇరుకు నచ్చక, బైపాసు అవతల పత్తిచేలు చదును చేసి వేసిన వెంచరులో ఇల్లు కట్టాను. వెడల్పాటి రోడ్లు, ఎత్తు గేట్లు. పాల ప్యాకెట్టుకైనా బండి తీయాల్సిందే. కూలీల పల్లె వైపు గోడ లేపడంతో, వాళ్లు చేలకు నడిచే డొంక మూసుకుపోయింది. మూయాల్సిందేనని కమిటీలో పట్టుబట్టింది నేనే. పల్లెవాళ్లు బైపాసు మీద లారీల పక్కగా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది.

మిరప కోతల కాలంలో ఒక మధ్యాహ్నం పల్లె మనిషొకడు గడ్డపారతో ఆ గోడ పగలగొడుతున్నాడు. భార్య ఇటుకలు పక్కకు లాగుతోంది. ముందురోజు లారీ ఆమెను రాసుకుపోయిందట, మోచేతి తోలు లేచిపోయిందట. నేను వినిపించుకోలేదు.

"ఈ గోడ ఎవరిదిరా?"

"గోడ మీదేనండీ. డొంక మాది."

అక్కడ పడి ఉన్న ఇనప గొట్టం తీసుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది మణికట్టు మీద. ఎండు పత్తికట్టె విరిగినట్టు చప్పుడైంది. అయినా ఆగలేదు. ఆమె ఇళ్ల వైపు తిరిగి అరిచింది. మేడ మీద ఒక కర్టెను కదిలింది. ఎవరో గేటు గడియ వేసుకున్నారు. కొడుతూనే ఎవరైనా నా చెయ్యి పట్టుకుంటారని చూశాను. ఎవరూ రాలేదు. అది వాళ్ల తప్పని చెప్పి తప్పించుకోలేను. చెయ్యి నాది. ఆమె అతని మీద పడి, దెబ్బ ఆమె వీపుకు తగిలాకే ఆగాను.

కారులో ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. అతను ఎక్కలేదు.

"ఈ చేత్తో కాయ ఎట్టా కొయ్యాలండీ?" అన్నాడు.

తాను పగలగొట్టిన కన్నంలోంచే వెళ్లిపోయాడు. కేసు పెట్టలేదు. పెట్టినా నెగ్గనని అనుకుని ఉంటాడు.

కన్నం పూడ్చడానికి వచ్చిన మేస్త్రీని వెనక్కి పంపేశాను. అతని చెయ్యి సరిగా అతుక్కోలేదట. ఇప్పుడు ఆ కన్నంలోంచి కోతకు ఆమె ఒక్కతే వస్తోంది. నన్ను చూస్తే పక్కకు జరుగుతుంది. అటు నడిస్తే వాళ్ల ఇల్లు దగ్గరే. నేనింకా వెళ్లలేదు.