డబ్బా మీది కండలాయన

మా వంటింటి గూట్లో కొన్నాళ్ళు ఒక కండలాయన కాపురం ఉన్నాడు. ఉప్పు జాడీకీ పసుపు డబ్బాకీ మధ్య, చొక్కా లేకుండా, చేతులు మడిచి బిగించి నిలబడి ఉండేవాడు. పాలల్లో కలుపుకునే బలం పొడి డబ్బా మీది బొమ్మే గాని, మా అత్తయ్య పొద్దున్నే పొయ్యి ముట్టించే ముందు అతనికేసి చూసే చూపు గోడమీది వెంకన్నకి కూడా దక్కేది కాదు.

అతన్ని ఇంటికి తెచ్చినవాడు మా మరిది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. మా ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. మామయ్య రిటైరై శ్రీకాకుళం పక్క మా ఊరు వెళ్ళిపోయారు. అత్తయ్య మాత్రం, "చిన్నోడికి ఉద్యోగం చూస్తేగాని నేను కదల్ను" అని మాతోనే ఉండిపోయింది. కాబట్టి ఆ ఉద్యోగం మరిదికి ఎంత అవసరమో చెప్పలేను గాని, నాకు మాత్రం చాలా అవసరం.

మెట్రిక్ గట్టెక్కాక మరిదీ చదువూ ఒకరికొకరు దండం పెట్టుకుని విడిపోయారు. అతనికి వచ్చిన విద్య ఒక్కటే, బరువులెత్తడం. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇనప కడ్డీకి రెండు పక్కలా చక్రాలు తగిలించి ఎత్తేవాడు. ఆ ఏడు రైల్వే జట్టులో అరవై కిలోల లోపు తూగేవాడికి ఒక ఖాళీ వచ్చింది. పోటీలో నెగ్గినవాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. మా మరిది అరవైకి రవంత తక్కువ తూగేవాడు. ఆ తూకంలో అతనంత ఎత్తేవాడు చుట్టుపక్కల లేడు. అరవై దాటితే మాత్రం పై తరగతిలో పోటీ పడాలి. అక్కడ పక్క ఊరు మంగ్లా నుంచి వచ్చే పాలవాళ్ళ అబ్బాయి ఉన్నాడు. అతని పక్కన మావాడు వేపపుల్ల.

"ఎత్తడం నీ పని, పెరక్కుండా ఉండడం కూడా నీ పనే" అన్నారు ఉస్తాదు. ఆయన షెడ్డులో పనిచేసే మన తెలుగువారే, బరువులెత్తడం నేర్పేవారు. ఆయన చెప్పినదాంట్లో మొదటి సగమే మా గుమ్మం దాటి లోపలికొచ్చింది.

గోల్ బజార్‌లో దుకాణంవాడు చెప్పింది మాత్రం మొత్తం వచ్చింది. ఒకరోజు మరిది డబ్బా చంకనెట్టుకుని దిగాడు.

"వదినా, ఇహనుంచి నాకు చద్దన్నం ఒద్దు."

"ఏటి బాబూ, అన్నమే ఒద్దా, చద్దిదే ఒద్దా?"

"చద్దన్నంలో ఏటుంది వదినా, నీళ్ళు! ఇదిగో, ఇందులో అంతా తాకతే, బలమే" అని డబ్బా తట్టాడు.

"ఆ నీళ్ళు తాగే కదా, నిన్నటిదాకా ఆ కడ్డీ ఎత్తేవు?"

అత్తయ్యకి కోపం వచ్చింది. "నీకేటి తెలుసే, ఊరుకో! కుర్రోడు బరువులెత్తుతున్నాడు. నీలాగ ఇంట్లో కూకుంటున్నాడేటి?"

నిజమే, నేను ఇంట్లో కూర్చునేదాన్ని. కూర్చునే పొయ్యిలోకి బొగ్గు బకెట్లు మోసేదాన్ని, వీధి కుళాయి నుంచి నీళ్ళ బిందెలు తెచ్చేదాన్ని, రోట్లో పిండి రుబ్బేదాన్ని. నా ఎత్తుడికి తరగతులు లేవు. నాకోసం ఏ దుకాణంవాడూ డబ్బా తయారుచెయ్యలేదు.

ఆ రోజు నుంచి మా మరిది తిండి ఒక యజ్ఞం. పొద్దున్న పాలల్లో పొడి, సాయంత్రం పాలల్లో పొడి, మధ్యలో నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు. కోడిగుడ్లు వంటింట్లోకి రానివ్వనని అత్తయ్య పట్టుబట్టింది కనక, పెరట్లో కుళాయి దగ్గర నిలబడి పచ్చివే కొట్టుకుని గుటుక్కుమనిపించేవాడు. పక్క క్వార్టరు పిల్లలు అదొక సర్కస్‌లాగ గోడెక్కి చూసేవారు. నెల తిరక్కుండా చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. అతను అద్దం ముందు, అత్తయ్య అతని వెనక. "బొమ్మలో బాబులాగే అవుతున్నావురా నాన్నా!" ఉద్యోగం బొమ్మకిస్తారా, మనిషికిస్తారా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఉస్తాదుకి అనుమానం వచ్చి అతన్ని స్టేషన్ పార్సిల్ ఆఫీసుకి లాక్కెళ్ళారు. కాలనీలో నమ్మదగ్గ కాటా అదొక్కటే. మావాడు గోనె మూటల మధ్య ఎక్కి నిలబడితే పార్సిల్ బాబు పెన్ను తీసి, "ఏ ఊరికి బుక్ చెయ్యమంటారు?" అన్నాడట. ముల్లు అరవై దాటి హాయిగా ముందుకెళ్ళిపోయింది.

"పాగల్‌వేటిరా నువ్వు! కండ అడిగేనా నిన్ను? ఉన్న బరువులో బలం అడిగేను. ఈరోజు నుంచి ఆ డబ్బా ముట్టుకున్నావంటే నా దగ్గరికి రాకు" అన్నారు ఉస్తాదు.

మరిది మంచివాడు, చెబితే వింటాడు. డబ్బా మానేశాడు. శనగలు మానేశాడు. మే నెల ఎండలో స్వెట్టరు తొడుక్కుని లైను పక్కన పరుగెత్తాడు. బిలాస్‌పూర్ ఎండంటే కాకులు కూడా డ్యూటీ దిగిపోయే ఎండ. అయినా ముల్లు దిగాల్సినంత దిగలేదు. మొదట కాటా తప్పన్నాడు. తర్వాత గాలి పడలేదన్నాడు. చివరికి నా మీద పడ్డాడు.

"వదినా, పప్పులో నూనె ఎక్కువేస్తున్నావేటి?"

"నువ్వు తినే పప్పే మీ అన్నయ్యా తింటున్నారు. ఆయన బెల్టుకి కొత్త కన్నాలు పొడవాల్సొస్తోంది, చూడలేదేటి?"

"మరి నేనెందుకు తగ్గట్లేదు?"

"ఉత్త మజ్జిగేనా తాగు నాన్నా, ఒంటికి చలవ" అని అత్తయ్య చెంబు అందించేది. పాపం, పొద్దున్నా సాయంత్రం ఆ మజ్జిగొక్కటే అతనికి ఆధారం. ఆ చెంబు కడిగేటప్పుడు ఐసుఫ్రూటు వాసన కొట్టేది. ఎండకి నా ముక్కు కూడా చెడిందనుకున్నాను.

పోటీ రోజున ఇన్‌స్టిట్యూట్ వరండాలో ఆడవాళ్ళం కూర్చున్నాం. అత్తయ్య ఒళ్ళో టిఫిన్ క్యారియరు, పక్కన మజ్జిగ చెంబు. ముందుగా తూకం. మావాడు కాటా ఎక్కాడు. అరవై దాటింది. పెద్ద తేడా కాదు, కానీ దాటింది.

"గంట టైముంది. పద!" అని ఉస్తాదు అతనికి కంబళి చుట్టబెట్టి గ్రౌండు చుట్టూ తరిమారు. వచ్చి ఎక్కాడు. ఇంకా రవంత ఉంది. మళ్ళీ పరుగు. మెట్ల మీద కూలబడి ఉమ్మి కూడా మింగకుండా ఊసేస్తున్నాడు. అదీ బరువేనట.

అత్తయ్య ఆగలేకపోయింది. "కుర్రోణ్ణి చంపేస్తారేటి బాబూ! ఒరే నాన్నా, ఇలా రా, ఒక్క గుక్క మజ్జిగ తాగు."

"అమ్మా, మజ్జిగ కూడా వద్దు" అన్నారు ఉస్తాదు, రెండు చేతులూ జోడించి. "డబ్బా మానేసేడు, తిండి తగ్గించేడు. అయినా ఎందుకు దిగట్లేదో నాకు అంతుపట్టడం లేదు."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. "వాడు మానేసేడు బాబూ. నేను మాననిచ్చేనేటి? అంత మంచి పొడి పాడయిపోదా? రోజూ మజ్జిగలో కలిపీసి ఇచ్చేను. వాడికి తెలియనే లేదు!"

కప్పు తనకే వచ్చినట్టు చుట్టూ చూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కంబళిలోంచి మరిది నా వంక చూశాడు. పప్పులో నూనెకి క్షమాపణ ఆ చూపే. నోటితో చెప్పడానికి నోట్లో తడి లేదు.

ఇక మిగిలింది జుట్టు. అప్పటి సినిమా హీరోల్లాగ చెవులు దాటించి, మెడమీదికి దింపి పెంచుకున్న జుట్టు. దాన్ని దువ్వడానికి పట్టే సమయంలో నేను కూర తరిగేసేదాన్ని. గేటు బయట కుర్చీ వేసుకునే మంగలిని ఉస్తాదు పిలిపించారు.

"ఓలమ్మా, కన్నతండ్రి నిక్షేపంలాగుండగా గుండేటి!" అని అత్తయ్య లేచింది.

"తిరపతి మొక్కనుకోండి అత్తయ్యా" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

గుండుతో కాటా ఎక్కాడు. ముల్లు అరవై దగ్గర ఆలోచించి, ఒక్క వెంట్రుక వాసి కిందికి వచ్చి నిలబడింది.

తూకానికీ ఎత్తడానికీ మధ్య కాస్త సమయం ఇస్తారు, తినడానికి. అత్తయ్య క్యారియరు మూత తీసింది. పాలల్లో కలిపిన పొడి గుప్పుమంది. మరిది ఆ వాసనకి మొహం తిప్పుకుని, వినపడీ వినపడకుండా అడిగాడు.

"వదినా, ఇంట్లో చద్దన్నం ఉందేటి?"

మా క్వార్టరు ఇన్‌స్టిట్యూట్ వెనకే. ఉప్పేసిన చద్దన్నం, ఉల్లిపాయ, మాగాయ ముక్క పట్టుకొచ్చాను. ముందు ఆ నీళ్ళు తాగాడు, తర్వాత అన్నం తిన్నాడు, చివర తపేలా కూడా వంచి చూశాడు. ఎంత బరువు ఎత్తాడో నాకు తెలియదు. కడ్డీ నెత్తి మీదికి వెళ్ళి ఆగింది, కింద పడేసినప్పుడు వరండా అదిరింది, ఉస్తాదు వెళ్ళి ఆ కొత్త గుండు మీద ఒక్కటి చరిచారు. ఉద్యోగం వచ్చింది.

కథ అక్కడితో అయిపోతే న్యాయంగా ఉండేది. కొన్నాళ్ళకి గోల్ బజార్ వెళితే ఆ దుకాణంలో, డబ్బాల వరసకి పైన, మా మరిది ఫోటో. నున్నటి గుండు, మడిచి బిగించిన చెయ్యి, రెండో చేతిలో డబ్బా. కింద కుర్రాళ్ళు ఎగబడి కొంటున్నారు. ఫోటోకి బదులుగా ఒక డబ్బా ఊరికే ఇచ్చారట.

"చద్దన్నం తపేలా పట్టుకుని దిగలేకపోయేవా బాబూ?" అన్నాను ఇంటికొచ్చాక.

"దానికి దుకాణం లేదు కద వదినా" అన్నాడు సిగ్గుపడుతూ.

అన్న మాట ప్రకారం అత్తయ్య ఊరికి ప్రయాణం కట్టింది. రైలెక్కించడానికి వెళ్ళాం. కిటికీ పక్క కూర్చుని, ఆ ఊరికే వచ్చిన డబ్బాని ఒళ్ళో పెట్టుకుంది. ఎదుటి సీటావిడ ఏటది అని అడిగినట్టుంది.

"మా చిన్నోడికి ఉద్యోగం ఇచ్చిన పొడి" అంటోంది అత్తయ్య. "ఊళ్ళో మా ఇంటాయన మరీ నీరసపడిపోయేడు. ఒద్దంటాడు. అననీ, మజ్జిగ తాగడేటి!"

రైలు కదిలింది. కండలాయన చేతులు బిగించుకుని మా మామయ్య దగ్గరికి వెళ్ళిపోయాడు.