సెలవు సంచిక

ఆ బైండింగు షాపు మెట్ల కింద ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళు తల వంచుకునైనా రావాలి, నుదుటి మీద బొప్పి కట్టించుకునైనా రావాలి. లోపల ఒక మూల కాగితాలు కోసే పెద్ద కత్తి మిషను, ఇంకో మూల ఇనుప ప్రెస్సు, మధ్యలో బల్ల. బల్ల వెనక స్టూలు మీద కూర్చుని సూదీ దారంతో పుస్తకాలు కుట్టే మనిషిని అందరూ అక్క అనే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. ముక్కు మీద కోపం ఉన్న మనిషితో వరస కలుపుకోవడమే క్షేమమని వాళ్ళ ఉద్దేశం.

ఈ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి కాలంలో కుట్టినవి ఆఫీసు రిజిస్టర్లు, లాయర్ల పుస్తకాలు. కంప్యూటర్లు వచ్చి రిజిస్టర్లను మింగేశాయి. ఇక షాపు మూతే అనుకుంటున్న రోజుల్లో సూపర్‌హీరో కామిక్సు పిచ్చివాళ్ళు వచ్చిపడ్డారు. నెలనెలా వచ్చే పల్చటి సంచికలను కథల వారీగా విడదీసి, ఒక్కో కథను ఒక్కో పుస్తకంగా కుట్టించుకోవడం వాళ్ళకు వ్యసనం. గడ్డాలు నెరుస్తున్న మగాళ్ళకు ఈ బొమ్మల పిచ్చేమిటని ఆమె మొదట్లో నవ్వుకుంది. కానీ కుట్టే ముందు పేజీల వరస సరిచూసుకోవాలి కదా. సరిచూస్తూ ఒక బొమ్మ, ఇంకోసారి ఒక మాట, అలా అలా చివరికి ఆమెకే ముదిరింది. ‘ఇనుపరెక్క’ అనే హీరో కథల్లో ఏది ముందు చదవాలో, ఏది చదవకపోయినా కొంపలు మునగవో ఇప్పుడు ఆమెనే అడగాలి. అడగకపోయినా చెబుతుంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ బల్ల చుట్టూ కొలువు తీరుతుంది. ఎవరొచ్చినా రాకపోయినా ఇద్దరు మాత్రం తప్పరు. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మనిషి ఒకడు. అతన్ని మీటరు అంటారు. వీధి చివర మందుల షాపు పెట్టుకున్న మనిషి ఇంకొకడు, అతను మందులాయన. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ, ఒకరు లేకపోతే ఇంకొకరికి తోచదు.

ఈ కొలువుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. కథ అంతం ఎవరికీ చెప్పకూడదు. చెప్పినవాడు అక్క మళ్ళీ పిలిచేదాకా ఆ గడప తొక్కకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది అక్కే. రెండోది, ఒకరికి ఒక కథ చదవమని చెప్పినవాడే దానికి పూచీ. చదివేవాళ్ళు ఆఖరి సంచికకు వచ్చినప్పుడు పూచీ ఉన్నవాడు ఎదురుగా కూర్చోవాలి, నోరు మెదపకుండా వాళ్ళ ముఖం చూస్తూ ఉండాలి. బాగోలేదంటే ఆ తిట్లన్నీ అక్కడికక్కడే తినాలి. ఇక మూడోది సెలవు సంచిక. అసలు రచయిత సెలవు మీద వెళితే ఆ నెలకు వేరెవరో రాసిన సంచికకు వీళ్ళు పెట్టుకున్న పేరది. సెలవు సంచికలు బైండులోకి రాకూడదు. అక్క వాటిని తీసి, ముక్కలుగా చింపి, పుస్తకాల వెన్నుకు లోపలి నుంచి అతికించేస్తుంది. వెన్ను గట్టిగా ఉంటుంది, కథ కుదురుగా ఉంటుంది అంటుంది.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. నెత్తిన పిడుగు తమ్ముడి వైపు నుంచి పడింది.

తమ్ముడు టవరు క్రేను నడిపేవాడు. ఆకాశంలో వేలాడే చిన్న గదిలో కూర్చుంటే కింద ఏముందో సగం కనిపించదు. నేల మీద నిలబడ్డ సిగ్నలు మనిషి వాకీటాకీలో చెబుతుంటే, ఆ గొంతును నమ్ముకునే ఇనుప దూలాలు ఎత్తాలి, దించాలి. ఒకరోజు ఇనుప తాడు తెగింది. దూలం పడింది. సిగ్నలు మనిషి దాని కిందే ఉన్నాడు. విచారణ చేసినవాళ్ళు తప్పు తాడుదే అని తేల్చారు. తమ్ముడు మాత్రం తేల్చుకోలేదు. అక్క షాపు వెనక గదిలోకి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. నీ తప్పేముందిరా అని ఎవరన్నా, ఇంకొంచెం గోడకు జరిగాడు. నెలల తరబడి అతని నోట వచ్చింది ఒకటే మాట. ఎటైనా వెళ్ళిపోతాను, నన్నెవరూ ఎరగని చోటికి. ఆ ఎటైనా అన్నది ఎక్కడికో అడగడానికి కూడా భయపడి, అతని సంచీనీ బూట్లనూ కత్తిరింపు కాగితాల గుట్ట కింద దాచింది.

అలాంటివాడు ఒక శనివారం పొద్దున గోడ వైపే చూస్తూ అడిగాడు.

"అక్కా, చదవడానికేమైనా ఉందా?"

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఉందిరా అంది. వెతికి ఇస్తానంది. ఒక్క పుస్తకం. అది సరైనదైతే మనిషి ఇటు తిరుగుతాడు, కాకపోతే ఇంకోటి అడగడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం కొలువులో ఆమె సంగతి చెప్పి, ఏదివ్వమంటారని అడిగింది.

"‘రెండో సూర్యుడు’ ఇవ్వక్కా," అన్నాడు మీటరు. "సముద్రాన్ని ఎత్తి సూర్యుడి మీద పోస్తాడు చూడు, అది చదివి నవ్వనివాడు ఉండడు."

"అంత బరువు మోస్తున్నవాడికి కితకితలు పెడతావా?" అన్నాడు మందులాయన. "నన్నడిగితే ‘జారిన చెయ్యి’ ఇవ్వాలి."

‘జారిన చెయ్యి’లో ఇనుపరెక్క వంతెన మీద నుంచి పడుతున్న ఒక మామూలు మనిషిని అందుకుంటాడు. చెయ్యి జారుతుంది. ఆ మనిషి పోతాడు.

"నీకు మతుండే మాట్లాడుతున్నావా?" మీటరు గొంతు తగ్గించి, తెర వేసి ఉన్న వెనక గది వైపు చూశాడు. "మానుతున్న పుండు మీద కారం చల్లమంటున్నావు."

"మానుతోందని నీకెవరు చెప్పారు? గోడకి తిరిగి పడుకున్నవాడు కోలుకుంటున్నట్టా?"

"నువ్వు మందులమ్ముతావు, రాయవు. ఆ తేడా గుర్తుపెట్టుకో."

"నువ్వు మీటరు చూసి పోతావు. లోపల మనుషులెలా ఉన్నారో చూడవు."

మీటరు లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. మామూలుగా అయితే ఇలాంటి పోట్లాటలకు అక్క ఇంకొంచెం నెయ్యి పోసేది. ఆ రోజు ఆమె ముఖం చూసి ఇద్దరూ వెనక్కి తగ్గారు.

"కూర్చో," అంది ఆమె మీటరుతో. "నవ్వించే పుస్తకం ఇస్తే వాడికి తెలిసిపోతుంది. మనందరం వాడికి చెబుతున్నది అదేగా, ఏమీ కాలేదని. ‘జారిన చెయ్యి’ ఇస్తాను. పూచీ మీది కాదు, నాది."

ఆ రాత్రికి రాత్రే తన సొంత సంచికలు తీసి కుట్టడానికి కూర్చుంది. కుట్టేటప్పుడు కళ్ళు తమ్ముడి గది మీదున్నాయి, చేతులు అలవాటు ప్రకారం పోయాయి. ఆ కథలో ఆఖరి సంచికకు ముందు ఒక సెలవు సంచిక ఉంది. ఆమె దాన్ని తీసింది, చింపింది, జిగురు రాసి వెన్నుకు అతికించింది. ఏళ్ళుగా చేస్తున్న పనికి ఆలోచన దేనికి?

తమ్ముడు పుస్తకం అందుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడు, అదే పదివేలు. రోజూ కొంచెం కొంచెం చదివాడు. ఆఖరి సంచిక దగ్గరికి వచ్చానక్కా అని అతను చెప్పిన మధ్యాహ్నం, ఆమె షట్టరు సగానికి దించి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. సంగతి ఎలా తెలిసిందో గానీ మీటరూ మందులాయనా వంగి షట్టరు కింద నుంచి దూరి వచ్చారు. తెర ఇవతల చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు.

ముందు సంచిక చివర చెయ్యి జారే పేజీని అతను చాలాసేపు చూశాడు. దవడ కండరం కదలడం ఆమెకు కనిపించింది. ఏదో ఒకటి అనాలని నాలుక దాకా వచ్చిన మాటను పళ్ళతో కరిచి పట్టుకుంది. అతను పేజీ తిప్పాడు. ఆఖరి సంచిక అంతా సముద్రపు ఒడ్డే. ఇనుపరెక్క రెక్కలు ఊడదీసి నీళ్ళలో పడేస్తాడు. తననెవరూ గుర్తుపట్టని దారిలో నడిచి వెళ్ళిపోతాడు. అభిమానులు కళ్ళకద్దుకునే పేజీలవి. తమ్ముడు పుస్తకం మూశాడు. ముఖం తేటగా ఉంది. ఆ తేటదనం చూసే ఆమె భయపడింది.

"బాగుందక్కా," అన్నాడు. "వీడు చేసిందే సరైన పని. నా సంచీ ఎక్కడ పెట్టావు?"

ఏ గోతిలో పడకూడదని ఇన్నాళ్ళూ కాపలా కాసిందో, దానికి తనే మెట్లు కట్టి ఇచ్చింది.

"ఎందుకురా సంచీ?"

"ఎందుకేంటి, చెప్పానుగా." అతను మంచం కింద బూట్ల కోసం వెతుక్కుంటున్నాడు. వెతుకుతూనే మామూలుగా అడిగాడు. "అవునూ, ఆ పోయినతనికి ఇంట్లోవాళ్ళు ఎవరూ లేరా? ఎక్కడా కనపడలేదు."

"ఉన్నారు," అంది ఆమె. "తల్లి ఉంది."

"ఏ పేజీలో?"

"ఆ సంచిక నేను కుట్టలేదు. సెలవు సంచిక అని తీసేశాను."

అతను తలెత్తి చూశాడు. కుట్టకుండా తీసేసింది కాగితాలనే గానీ, సరిచూసినప్పుడు చదివిందేదీ ఆమె మరిచిపోలేదు.

"కూర్చో. చెబుతాను."

తెర వెనక నుంచి మందులాయన అలవాటుగా అనేశాడు. "అక్కా, చెప్పకూడదు కదా."

"నోరు ముయ్యి," అన్న మీటరు గొంతు వినిపించింది.

"ఇనుపరెక్క ఆ తల్లి ఇంటికి వెళ్ళాడు," అని ఆమె మొదలుపెట్టింది. "తలుపు తీసింది. నేను పట్టుకోలేకపోయానమ్మా అన్నాడు."

"ఏమంది?"

ఇక్కడ ఆమెకు ఆశ పుట్టింది. తల్లి వాణ్ణి దగ్గరికి తీసుకుందని చెబితే ఎవరు కాదనొచ్చారు? ఆ సంచిక ఈ పుస్తకం వెన్నులోనే జిగురు తాగి ముక్కలై ఉంది. కానీ ఎదురుగా కూర్చున్నవాడు నెలలుగా తియ్యటి మాటలు విని విసిగిపోయిన మనిషి. ఇంకొకటి చెబితే లేచి వెళ్ళిపోతాడు.

"ఏమీ అనలేదు. తలుపేసింది," అంది. "వాడు మెట్ల మీద కూర్చున్నాడు. సరుకులకని బయటికొచ్చి, వాణ్ణి దాటుకుని వెళ్ళింది. దాటుకునే లోపలికి పోయింది. మర్నాడూ అంతే. అవతల ఊళ్ళో ఎవడో భవనాలు కూలుస్తున్నాడు, అయినా వాడు మెట్ల మీంచి లేవలేదు. సంచికంతా అదే. ఏమీ జరగదని మేమంతా తిట్టుకున్నాం."

"చివరికి?"

"చివరి బొమ్మలో తలుపు తెరిచి ఉంటుంది. మెట్ల మీద ఎవరూ ఉండరు."

"అంటే, లోపలికి రానిచ్చిందా?"

"తెలీదురా. బొమ్మలో లేదు."

"మరి తర్వాత రెక్కలు పారేసి వెళ్ళిపోయాడుగా."

"అది రాసింది అసలు రచయిత. సెలవు నుంచి వచ్చి, తను ఆపిన చోటు నుంచే మొదలుపెట్టాడు. వాడు ఆ మెట్ల మీద కూర్చున్న సంగతి ఆయనకి పట్టలేదు."

తమ్ముడు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"వాళ్ళమ్మ ఇల్లు నాకు తెలుసక్కా," అన్నాడు. "ఒకసారి వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను."

కామిక్సులో తల్లి గురించి కాదు, సిగ్నలు మనిషి తల్లి గురించని ఆమెకు అర్థమైంది. వెళ్ళి కాగితాల గుట్ట కింద నుంచి బూట్లు తీసుకొచ్చింది, సంచీ మాత్రం తేలేదు.

దారి పొడుగునా ఆమెకు ఒకటే భయం. ఆవిడ తిడితే? నా కొడుకును చంపావంటే? పూచీ నాది అని గొప్పగా అనేసింది గానీ ఇది ఏ పూచీకి అందే సంగతి? మలుపు దగ్గర అతను ఆగాడు. ఆమె కూడా ఆగింది. అతను మళ్ళీ నడిచాడు.

రంగు పోయిన తలుపు. తట్టిన చాలాసేపటికి తెరుచుకుంది. తల్లి పొట్టిగా ఉంది, చేతులు తడిగా ఉన్నాయి. అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"క్రేను మీద ఉండేది నువ్వేనా?"

"అవునమ్మా."

"చాలామంది వచ్చారు," అందావిడ. "కాగితాలు తెచ్చారు, సంతకాలు పెట్టించుకున్నారు. వాడు ఆఖర్న ఏం మాట్లాడాడని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. విన్నది నువ్వొక్కడివేనట కదా. నువ్వు రాలేదు."

తలుపు పడుతుందని అక్క ఆవిడ చేతినే చూస్తూ నిలబడింది. ఆ చెయ్యి తలుపు మీదే ఉంది.

"కొంచెం ఎడమకి అన్నాడు," అన్నాడు తమ్ముడు. నెలలుగా ఎవరికీ చెప్పని మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "తర్వాత నవ్వాడు. కిందికి దిగాక నీకో మంచి మాట చెబుతాను అన్నా, పైనుండగా చెబితే నీ చెయ్యి వణుకుద్ది అన్నాడు. అంతేనమ్మా. ఆ మాటేంటో నాకు తెలీదు. పడుకున్నా అదే, లేచినా అదే. ఏం చెబుదామనుకున్నాడో తెలీదు."

ఆవిడ తలుపు వదిలి గడప మీద కూలబడింది.

"క్రేను నడిపే పరీక్ష పాసయ్యాడు," అంది. "ముందురోజే తెలిసింది. ఎవరికీ చెప్పొద్దమ్మా, ముందు క్రేను అన్నకి చెప్పాలి, నేర్పింది ఆయనే అన్నాడు."

తమ్ముడు ఆవిడ పక్కనే కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని, బిగ్గరగా ఏడ్చాడు.