ఆ చుక్కల మందు నేనే మాన్పించినాను

ఆరేండ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కొని ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. అన్నానికి కూచున్నప్పుడు నా భార్య ఎడమపక్కనున్న నీళ్ల చెంబు కోసం చేత్తో తడుముకుంటుంది. అప్పుడు ఆ మాట లోపల కదులుతుంది. నేను చెంబు ఆమె చేతికి అందిస్తాను. అంతకంటే ఏమీ చేయను.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బత్తలపల్లె. నేను కరెంటు లైన్‌మన్‌ని. నా భార్య ధర్మవరం పట్టుచీరలకు కుచ్చులు కట్టేది. చీర కొంగు చివర పోగులు విడదీసి, లెక్కగా జతచేసి, ముడులు వేయాలి. వెంట్రుక లాంటి పోగులవి. ఆమె కట్టిన కుచ్చుల్లో ఒక్క ముడి ఎక్కువ తక్కువ ఉండేది కాదు. వ్యాపారులు మంచి చీరలన్నీ ఏరి ఆమెకే పంపేవాళ్లు.

ఇల్లు కట్టడానికి బ్యాంకులో ఇరవై ఏండ్ల లోను తీసుకున్నాము. రెండు గదులు, ఒక వంటిల్లు. కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజే బ్యాంకు ఆఫీసరు ఒక మాట చెప్పినాడు. నెల కంతు కాకుండా పైన ఎంత కట్టినా అది అసలులో తగ్గుతుందని, ఏండ్లకు ఏండ్లే తగ్గిపోతాయని. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఎందుకంటే నాకు అప్పంటే ఏమిటో తెలుసు. నేను పుట్టింది కంబదూరు దగ్గర పల్లెలో. వరసగా వానల్లేక శెనక్కాయ ఎండిపోయిన కాలంలో, నాయన బాకీ కట్టలేదని అప్పిచ్చినాయన మనుషులు వచ్చి మా వాకిలి తలుపు పీక్కొని పోయినారు. ఆ చలికాలమంతా వాకిలికి గోనెపట్ట కట్టుకొని పడుకున్నాము. నాయన ఊళ్లో తల ఎత్తి నడవడం మానేసినాడు. ఇది సాకుగా చెప్పడం లేదు. చెప్పడం లేదా? ఏమో. చాలా ఏండ్లు నాకు నేను ఈ తలుపు కథే చెప్పుకొని నిద్రపోయినాను.

పొదుపు అంటే మామూలు పొదుపు కాదు. పాలు మానేసినాము. ఆటో ఎక్కేది లేదు. పొద్దున సంగటి, ఊరిబిండి పచ్చడి, సాయంత్రం మిగిలింది. ఊళ్లకు కరెంటిచ్చేవాణ్ణి, నా ఇంట్లో ఒక్కటే బల్బు. ఆమె దాని కిందే కూచొని కుచ్చులు కట్టేది. ఆమె సంపాదన కూడా అంతా లోనుకే పోయేది. ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "కానీలే, తీరిపోతే ఇల్లు మనదే కదా" అనేది. గోడకు ఒక కాగితం అంటించుకొని, పైన కట్టినప్పుడల్లా ఎన్ని నెలలు తగ్గినాయో రాసుకునేవాణ్ణి. నేను నెలలు కొట్టేస్తుంటే ఆమె నవ్వేది. మా ఇద్దరికీ అదే సినిమా, అదే పండగ.

లోను తీసుకున్న ఎనిమిదో ఏడు అనుకుంటాను. ఎడమ పక్కనుంచి వచ్చే మనుషులు కనపడడం లేదని చెప్పింది. గుమ్మాలకు భుజం తగిలేది. అనంతపురంలో కంటి ఆసుపత్రికి తీసుకపోయినాను. పరీక్షల కోసం కళ్లలో మందేసి ఆమెను బయట బెంచీ మీద కూచోబెట్టినారు. డాక్టరు నన్ను మాత్రం లోపలికి పిలిచినాడు.

నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతూ ఉందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలంటే ఈ చుక్కలు బతికినంత కాలం రోజూ వేయాలి, మూణ్ణెల్లకొకసారి వచ్చి చూపించుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు. నాకర్థమైందా అని రెండుసార్లు అడిగినాడు. అర్థమైంది సార్ అన్నాను.

అర్థమైంది. అది మీరు గుర్తుపెట్టుకోండి.

బయటికొచ్చినాను. ఆమె కళ్లు మూసుకొని కూచొని ఉంది. నా చెప్పుల చప్పుడు విని ముఖం ఎత్తింది.

"ఏమన్న్యాడయ్యా?"

"ఏమీ లేదు. పనితో కండ్లు అలిసిపోయినాయంట. ఈ మందు నెల దినాలేస్తే చాలంట."

"అంతేనా? నేనేమేమో అనుకొని బయపడితి" అని నవ్వింది.

ఎందుకట్లా అన్నాను? మందుకు డబ్బుల్లేక కాదు. ఉన్నాయి. జేబులోనే ఉన్నాయి. మరుసటి రోజు లోనులో కట్టడానికి తీసిపెట్టినవి. లోను తీరడానికి ఇంకా పదహారు నెలలు ఉన్నాయి. ఈ మందులు, పరీక్షలు, బస్సు ఛార్జీలు అన్నీ లెక్కేస్తే అది పద్దెనిమిదో ఇరవయ్యో అవుతుంది. పదహారు నెలలే కదా, లోను తీరిపోనీ, ఆ తరువాత ఎంత మంచి మందైనా కొనిపెడతాను అనుకున్నాను. ఆమె కంటికి నేను వాయిదా పెట్టినాను. నిజం చెప్పి ఉంటే ఆమే 'తరువాత చూద్దాంలే' అనేదేమో అని ఒక్కోసారి అనుకుంటాను. అనేదేమో. కానీ అది ఆమె అనాల్సిన మాట. ఆమె కన్ను, ఆమె మాట. ఆ మాట కూడా అడక్కుండా నేనే తీసుకున్నాను.

నెల అయింది. సీసా అయిపోయింది. "ఇంకొకటి తెస్తావా? అది ఏస్తే కండ్లు సల్లగా ఉండాయి" అని అడిగింది. అక్కర లేదన్నారు కదా అన్నాను. డాక్టరు చీటీ చించి మురిక్కాలువలో వేసినాను. మళ్లీ ఆమె అడగలేదు.

పదహారు నెలలు అనుకున్నది పదిహేనుకే తీరింది. ఇంటి దస్తావేజులు తీసుకోవడానికి ఇద్దరం పోయినాము. బ్యాంకులో అందరూ మెచ్చుకున్నారు. బయటికి దిగేటప్పుడు ఆమె మెట్టు కనపడక పడింది. మోకాలు చీరుకపోయింది. పడి కూడా కాగితాల సంచీ గుండెకు పట్టుకొనే ఉంది.

ఆ వారమే మళ్లీ అనంతపురం. ఈసారి ఇద్దరినీ కలిపి కూచోబెట్టినాడు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో సగం పోయింది. డాక్టరు కంప్యూటర్లో పాత వివరాలు చూసుకొని కోపంగా అడిగినాడు. "జీవితాంతం వేయాలని చెప్పినాను కదమ్మా. ఎందుకు ఆపేసినారు?"

ఆమె మెల్లగా తల మొత్తం నా వైపు తిప్పింది. ఆ చూపులో నేనెంత మేరకు కనపడినానో నాకు తెలీదు. నేను నోరు తెరవలేదు. ఒక్క మాట చాలు ఆ రోజు. తెరవలేదు.

"నాకే తెలివి లేకపాయ సార్" అంది. "కండ్లు బాగుండాయని నేనే ఆపేసినా."

అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇంకో సీసా తెమ్మని అడిగిన మనిషి ఆమె. మరి ఎందుకట్లా చెప్పింది? డాక్టరు మాట నాకు సరిగ్గా అర్థం కాలేదనుకొని నా పరువు కాపాడిందా? లేక అంతా తెలిసిపోయిందా? ఆరేండ్లుగా ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాను. ఆమె ఆ మాట ఎత్తలేదు. నేను అడగలేదు. ధర్మవరంలో కాపురమున్న మా కూతురు వచ్చి, అంత మతిలేకుండా ఎట్ల ఆపేస్తివమ్మా అని తిడితే, తలొంచుకొని విన్నది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు కూడా.

కుచ్చుల పని పోయింది. కొన్నాళ్లు వేళ్ల తడుముడుతోనే కట్టాలని చూసింది. ముడులు తప్పినాయి. ఒక వ్యాపారి చీర వెనక్కి పంపినాడు. ఆ రోజు చాపా, సూదులూ అన్నీ మూటగట్టి అటక మీద పెట్టేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇప్పుడు రోజూ పొద్దు గూకేసరికి చుక్కలు నేనే వేస్తాను. ఒక్క రోజు తప్పలేదు. ఆమె ముఖం ఎత్తి, కుడి కన్ను తెరిచి పెడుతుంది. చుక్క పడగానే "పడింది" అంటుంది. మా ఆయన ఎంత పనున్నా మర్చిపోడని పక్కింటామెతో చెప్తుంది. ఆ మాట విని దొడ్లోకి పోయి నిలబడతాను.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తిడితే పడతాను. ఇంట్లోంచి పొమ్మంటే పోతాను. కానీ "పోనీలే" అంటుందేమో అని భయం. ఆమె అనే మనిషే. అన్న తరువాత నేను ఆ ఇంట్లో ఎట్లా అన్నం తినాలి?

అందుకని ఈ కాగితం. ఇది చదివే చూపు ఆమెకు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. అది కూడా నేను చేసిందే. నా భార్య ఆ మందు ఆపలేదు. మర్చిపోలేదు. డాక్టరు చెప్పింది నేను విన్నాను, నాకు అర్థమైంది, నేను దాచినాను. ఈ మూడు మాటలు ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడు రాసినాను. కొట్టేయను.