నూనె జారిన ప్యాచ్

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా చేత్తో రాసిన మూడు మాటలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

నా మనవరాలికి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. చేతికి అంటించే ఇన్సులిన్ పంపు పెట్టారు. వేలాడే గొట్టం ఉండదు. చిన్న డబ్బా, కింద జిగురు ప్యాచ్, చర్మంలోకి దిగే సన్నని నాళం. దాని సంగతంతా నేనే చూసేదాన్ని. మూడు రోజులకు మార్చాలి, ప్రతిసారీ చోటు మార్చాలి, చర్మం తుడిచి పూర్తిగా ఆరాకే అంటించాలి, గంటన్నర తర్వాత షుగర్ చూడాలి. తేదీ, వేళ, అంకె నోటుబుక్కులో రాయాలి. ఒక్కటీ తప్పేదాన్ని కాదు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

అదే ఏడు ఒక ఆదివారం కొడుకూ కోడలూ కె. కోటపాడు పెళ్ళికి వెళ్ళారు. నేను పొద్దున్నే పాపకు నూనె పెట్టి తలంటు పోశాను. ప్యాచ్‌కు నూనె తగలకూడదని తెలుసు. ఆ చెయ్యి వదిలేశాను. అయినా జుట్టు నుంచి జారింది, అంచు లేచింది. వెంటనే తీసి కొత్తది పెట్టాలి. నేను నొక్కి, పైన టేపు వేశాను. ఎందుకు? మార్చడానికి ఇంకా ఒక రోజు ఉంది. నా పట్టిక చెదరకూడదనుకున్నాను. పిల్ల కంటే పట్టిక ఎక్కువైందా? ఆ పూట అయింది. 'ప్యాచ్ గట్టిగా ఉంది' అని రాశాను.

ఏడింటికి షుగర్ 142. పన్నెండింటికి 310. ప్యాచ్ దగ్గర ముక్కు పెడితే మందు వాసన. నాళం ఊడి ఇన్సులిన్ బయటికి కారుతోందన్నమాట. సిరంజితో మందు ఇచ్చి తల్లికి ఫోన్ చేయాల్సింది పోయి, ఇంకాసేపు చూద్దామనుకున్నాను. నాలుగింటికి వాంతులు. అప్పుడు పాతది పీకి, కాగితంలో చుట్టి పారేసి, కొత్తది పెట్టాను. అప్పుడే వాళ్ళు వచ్చారు.

మాది బెల్లం వ్యాపారం. ఇంట్లో ఒక గది నిండా దిమ్మలే. ఆ గది తలుపు తీసి ఉంది.

"ఎంత తిన్నావే? నిజం సెప్పు," అంది కోడలు.

"తిన్లేదమ్మా. మామ్మా, నువ్వు సెప్పు. పొద్దున్నించి నీ కాడే ఉన్నాను కదా."

నేను పాప వైపు చూడలేదు. "సిన్నపిల్ల, ఓ ముక్క నోట్లో ఏసుకుని ఉంటాదిలే. ఒగ్గీ, తిట్టకు."

"ముక్కేటత్తా, దిమ్మ మింగీసినట్టుంది."

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పిల్ల బతికింది. బెల్లం గదికి తాళం పడింది. ఎప్పుడు అంకె పెరిగినా ఇంట్లో మొదటి ప్రశ్న ఒకటే: ఏం తిన్నావు? పంపు ఊడిందా అని ఎవరూ అడగరు. ఇప్పుడు తనకు పదమూడేళ్ళు. ఈ నెలలో మూడుసార్లు, అంకె ఎక్కువొచ్చినప్పుడు చెప్పకుండా, ఆ అంకె చూపించే ఫోను బోర్లా పెట్టేసింది. నమ్మని వాళ్ళకు ఎందుకు చెబుతుంది? ఆ అలవాటు నేను నేర్పిందే. మళ్ళీ ప్యాచ్ ఊడిన రోజు ఇలాగే దాస్తే, ఈసారి బతకకపోవచ్చు.

అందుకే ఈ సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టి ఇదంతా చదువుతాను. క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు. పాప లేచి వెళ్ళిపోవచ్చు, కోడలు నాతో మాట్లాడకపోవచ్చు. కానివ్వండి. నాలుగేళ్ళ తర్వాత ఒక నిజం సరిగ్గా రాశాను. ఊపిరి ఆడుతోంది.